రెండు వేళ్ళ రబ్బరు

మా డ్రాయింగు సారు పోయారన్న కబురు నాకు బస్సు కండక్టరు చెప్పాడు. భువనగిరి నుంచి వచ్చే మొదటి బస్సు నల్లగొండలో ఆగగానే అతను నేరుగా మా ఆఫీసుకు నడిచి వచ్చి, గుమ్మంలో నిలబడి, నెత్తి మీది టోపీ తీశాడు. అతనూ సారు దగ్గర చదువుకున్నవాడే, నాకంటే రెండు తరగతులు కింద.

"అన్నా, సారు తెల్లారంగ పోయిండు. మాపటికి పాడె లేపుతరంట. గిదే బస్సు మళ్ళ పోతది, వస్తవా?" అన్నాడు.

నేను అప్పుడు ఒక కాలువ నక్షాకు సిరా పెడుతున్నాను. గీత సగంలో ఉంది. సగం గీత వదిలి లేస్తే సారు ఊరుకునేవారు కాదు. అందుకని దాన్ని చివరిదాకా లాగి, కలం తుడిచి పెట్టి, అప్పుడు లేచాను.

బస్సులో కూర్చున్నంతసేపూ గుర్తుకొచ్చినవే ఇక్కడ రాస్తున్నాను. సారు పెద్ద చిత్రకారుడని చెప్పను. ఆయన వేసిన బొమ్మ ఏ గోడకూ వేలాడగా నేను చూడలేదు. బడిలో ఉన్న పటాలకు రంగులు వేసేవారు, పిల్లలకు చెంబులూ ఇటుకలూ ముందు పెట్టి గీయించేవారు, అంతే. ఆయన బుర్ర అంతా రబ్బరు మీద ఉండేది. నవ్వేవాళ్ళు నవ్వండి. పెన్సిలు గీత చెరిపే రబ్బరు గురించి ఒక మనిషి ఉద్యోగమంతా ఆలోచిస్తాడా అని మా ఆఫీసులో ఒక పెద్దమనిషి కూడా నన్ను అడిగాడు. ఆ పెద్దమనిషి చెరిపిన చోటల్లా కాగితం బొచ్చు లేచి ఉంటుంది కాబట్టి, అతనితో వాదన పెట్టుకోలేదు.

ముందు నా చెయ్యి సంగతి చెప్పాలి. మాది ఆలేరు దగ్గర గొర్లు కాసే ఇల్లు. నాకు పదేళ్ళప్పుడు మా పక్క చేనులో బావి తవ్వుతూ బండ పేల్చారు. పేలకుండా మిగిలిపోయిన తోటా ఒకటి మట్టిలో దొరికితే, లోపల ఏముందో చూద్దామని రాయితో కొట్టాను. ఏముందో తెలిసింది. కుడిచేతి బొటనవేలు మొదలంటా పోయింది. ఎడమ మణికట్టు బిగుసుకుపోయి, కాగితాన్ని అదిమి పట్టుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాకుండా అయింది. దవాఖాన నుంచి తెచ్చాక మా బాపు మందను తోలుకొని పోతూ పోతూ వెనక్కి తిరిగి నన్ను చూసేవాడు. బొటనవేలు లేనివాడు ఉన్ని కత్తిరించలేడు, పాలు పిండలేడు, నాగలి మేడి పట్టలేడు. ఈ పోరడు రేపు ఏం చేసుకొని బతకాలె అన్నదే ఆయన ఫికరు. ఆ ఫికరుతోనే నన్ను తీసుకొచ్చి భువనగిరి బడిలో వేశాడు.

అక్కడ సారు నన్ను చూశారు. నా చెయ్యిని చూసి జాలిపడని మొదటి మనిషి ఆయనే. పెన్సిలును చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య ఇరికించుకొని నేను పలక చుట్టూ గీతలు గీస్తుంటే, వెనక నిలబడి చాలాసేపు చూసి, "గీత సక్కగనే వస్తాందిరా. బొటనేలు ఉన్నోళ్ళకు గూడ గింత సక్కగ రాదు" అన్నారు. ఆ సాయంత్రమే మా బాపుకు కబురు పెట్టారు. డ్రాయింగు పరీక్ష అని ఒకటుంటుందనీ, అది పాసైతే నక్షాలు ఎత్తిరాసే నౌకరీ దొరుకుతుందనీ, ఆ పనికి బొటనవేలు అడగరనీ చెప్పారు. బాపు అంతా విని, "సారూ, వీనికి బతుకుదెరువు దొరికితె సాలు, ఇంకేం అడుగను" అన్నాడు. ఆ రోజు నుంచీ మా ఇంట్లో ఆ పరీక్షను దేవుని మొక్కులాగా చూశారు.

గీయడం వచ్చింది. చెరపడమే రాలేదు. పెన్సిలు సన్నగా పొడుగ్గా ఉంటుంది, రెండు వేళ్ళ మధ్య నిలుస్తుంది. అంగట్లో దొరికే రబ్బరు ఇటుక ముక్కలా ఉంటుంది. దాన్ని పట్టాలంటే ఒక పక్కన వేలూ, ఎదురుగా బొటనవేలూ ఉండాలి. నేను రెండు వేళ్ళతో నొక్కితే అది చేపలా జారిపోయి బెంచీ కింద పడేది. గట్టిగా నొక్కితే కాగితాన్ని ముడతలు పెట్టేది. పరీక్షలో షీటు ఒక్కటే ఇస్తారు. అది చిరిగితే ఆ ఏడాది పోయినట్టే. నేను ఎంత బాగా గీసినా ఒక్క తప్పు గీత నన్ను ముంచుతుందని సారుకూ తెలుసు, నాకూ తెలుసు.

అప్పటికే రబ్బరు విషయంలో సారుకు కొంచెం పిచ్చి ఉందని బడిలో అందరూ అనుకునేవారు. శనివారం రాగానే, "పెన్సిల్లు పక్కకు పెట్టుండ్రి, లబ్బర్లు బయటకు తియ్యుండ్రి" అనేవారు. ఒకడి దగ్గర సైకిలు ట్యూబు ముక్క, ఇంకొకడి దగ్గర తెగిన రబ్బరు చెప్పు ముక్క. ట్యూబుతో రుద్దితే గీత పోదు, దాని మీద ఇంకో నల్లమరక వస్తుంది. కొందరు మంచి రబ్బరును మెత్తబడాలని కిరసనాయిల్లో నానేసేవాళ్ళు. అది బూరెలా ఉబ్బి చూడ్డానికి ముచ్చటగా ఉండేది, కాగితం మీద పెడితే మరక. సారు ఆ బూరెలన్నీ ఏరి కిటికీలోంచి బయటకు విసిరేసి, తన సంచిలోంచి తెల్లటి పెద్ద పలక రబ్బరు తీసి, పాత గడ్డం బ్లేడును నీళ్ళలో ముంచి, తలా ఒక ముక్క కోసి ఇచ్చేవారు. తడి బ్లేడుకు రబ్బరు వెన్నలా తెగుతుంది. పొడి బ్లేడయితే పట్టుకుంటుంది, అంచు వంకర పోతుంది. ఈ సంగతి ఇప్పటికీ మా ఆఫీసులో సగం మందికి తెలియదు.

కోసిన ముక్క ఎప్పుడూ ఇటుకలా ఉండేది కాదు. ఒక వైపు కత్తి అంచులా సన్నగా, సన్న గీత ఒక్కటే తీసెయ్యడానికి. ఇంకో వైపు గుండ్రంగా, నీడ పెట్టిన చోట మెల్లగా తేల్చడానికి. "మూల అరిగిన లబ్బరు పండ్లూడిన ముసలోని లెక్క. నమలలేదు, ఊకె సప్పరిస్తది" అనేవారు. అరిగితే బడి మెట్ల గరుకు రాతి మీద రుద్ది కొత్త మొహం తెప్పించేవారు. కొనేటప్పుడు గోరు గుచ్చి చూసేవారు. గుంట పూడకపోతే పాతసరుకు, టక్కున పూడితే మరీ గట్టిది. నిదానంగా పూడేదే ఆయనకు కావాలి. దుకాణాల వాళ్ళు ఆయన్ను చూస్తే రబ్బర్ల డబ్బా లోపల పెట్టేసేవారు.

రాలిన పొట్టును అరచేత్తో తుడిస్తే మాత్రం ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చేది. చెమట చెయ్యితో బొమ్మంతా పులుముతావా అని చెవి మెలేసేవారు. నేను మా ఇంటి నుంచి కడిగి ఎండబెట్టిన గొర్రె ఉన్ని చిన్న కుచ్చు తెచ్చి ఇస్తే, దానితో పొట్టు ఊడ్చి చూసి, పసిపిల్లవాడిలా సంబరపడ్డారు. "మీ గొర్లు మాకంటె ముందుగాల డ్రాయింగు నేర్సుకున్నయిరా" అన్నారు. ఆ తర్వాత బడిలో పిల్లలందరికీ మా మంద ఉన్నే.

ఇక నా రబ్బరు. దానికి సారు పడిన తిప్పలు నాలుగు నెలలు. మొదట ఒక వెదురు పుల్ల కొస చీల్చి, అందులో రబ్బరు ముక్క ఇరికించి, దారం చుట్టి తెచ్చారు. తాను బీడీ పట్టుకునే తీరు చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందట. బీడీకి బొటనవేలు అక్కర్లేదు కదా అన్నారు. పట్టుకోవడానికి బాగానే ఉంది కానీ, నొక్కితే పుల్ల పక్కకు వాలిపోయేది. దారం తీసేసి రేకు ముక్క చుట్టారు. రేకు అంచు కాగితాన్ని గీరింది. రబ్బరునే ఉంగరంలా కోసి వేలికి తొడిగారు. అది వేలితో పాటు వెళ్ళి, చెరపొద్దన్న చోటు కూడా చెరిపింది. ప్రతిసారీ నాకు ప్రాణం ఉసూరుమనేది. ఒకరోజు ఏడుపొచ్చి, "ఇడిసిపెట్టు సారూ, నాతోని కాదు" అన్నాను.

సారు రేకు ముక్క జేబులో వేసుకుంటూ, "నీతోని కాకపోవుడు కాదురా. లబ్బరుతోని అయితలేదు. తప్పు దానిది, నీది కాదు" అన్నారు.

ఆ మాట నాకు ఇప్పుడు రాస్తుంటే కూడా కళ్ళు చెమర్చేలా చేస్తుంది. అప్పటిదాకా ప్రపంచంలో ఉన్న వస్తువులన్నీ సరిగానే ఉన్నాయనీ, నేనొక్కడినే తక్కువగా ఉన్నాననీ అనుకునేవాణ్ణి.

తర్వాత వారం ఆయన కుమ్మరి దగ్గర నుంచి తడిమట్టి ముద్ద తెచ్చారు. దాన్ని నా రెండు వేళ్ళ మధ్య పెట్టి, "పెన్సిలు పట్టినట్టు పట్టు, ఇగ వత్తు" అన్నారు. వేళ్ళ గుర్తులు రెండు వైపులా దిగాయి. ఆ ముద్దను నీడలో ఆరబెట్టి, దాన్ని చూస్తూ రబ్బరు కోశారు. నడుము సన్నం, పైనా కిందా వెడల్పు. ఒగ్గుకథ చెప్పేవాళ్ళ చేతిలో డమరుకం ఉంటుంది చూడండి, అచ్చం దాని ఆకారం. వేళ్ళు నడుములో కూర్చుంటాయి. పై వెడల్పు వేళ్ళ కణుపులకు ఆనుకొని నొక్కుడు ఇస్తుంది. కింద కత్తి అంచు. మొదటిసారి కాగితం మీద పెట్టి లాగితే గీత ఒక్కటే పోయింది, కాగితం ఉన్నచోటే ఉంది. నేను ఆ పేజీలో గీతలు గీసి గీసి చెరిపాను. సారు పక్కన బీడీ వెలిగించుకొని, "సాలు తియ్, అరగదీస్తవ్" అని కసురుతూనే నవ్వుతున్నారు.

రబ్బరు చేతికొచ్చాక ఆయన నాకు చెరపడంతో బొమ్మ వెయ్యడం నేర్పారు. రాగి చెంబుకు ముందు అంతా నీడ పూసి, మెరుపు ఉన్న చోట రబ్బరుతో ఒక్క దెబ్బ తియ్యాలి. "లబ్బరు గూడ పెన్సిలేరా. గది తెల్లగ రాస్తది" అనేవారు. నాకు ఆ మెరుపు తియ్యడం పెన్సిలు కంటే ఇష్టమైంది.

పరీక్ష నల్లగొండలో జరిగింది, మంచి ఎండల్లో. సారు రానక్కర్లేదు, అయినా వచ్చారు. మా బాపు మందను మా చిన్నాయనకు అప్పగించి, జొన్నరొట్టెల మూటతో వచ్చాడు. ముందురోజు పగలే సత్రంలో దిగాం. నేనూ సారూ పరీక్ష పెట్టే బడి చూడ్డానికి పోయినప్పుడు బాపు ఒక్కడే మూటల దగ్గర ఉన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా బాపుకు చదువు రాదన్న ధైర్యంతోనే రాస్తున్నాను. ఎవరైనా ఆయనకు చదివి వినిపించేటట్టయితే దయచేసి ఈ భాగం దాటెయ్యండి.

మర్నాడు పొద్దున బడి ఆవరణలో వేపచెట్టు కింద కూర్చొని, సారు తన అలవాటు ప్రకారం, "తియ్, ముందుగాల సిత్తుకాయితం మీద సూడు" అన్నారు. నేను రబ్బరు తీసి రుద్దాను. గీత పోలేదు. కాగితం మీద రూపాయంత మరక పడి, అవతలి వెలుతురు కనిపించింది. సారు రబ్బరు అందుకొని వాసన చూశారు. కొవ్వు వాసన.

బాపు ముందుకు వచ్చాడు, మొహం వెలిగిపోతోంది. "సారూ, నిన్న సూస్తె ఎండకు పెంకు కట్టినట్టున్నది. ఇరిగిపోతదేమోనని పొట్టేలు కొవ్వు జర పట్టించిన. మా చెప్పులకు గట్లనే పెడ్తం, రెండేండ్లు ఇరుగయి."

గంట కొట్టడానికి పావుగంట కూడా లేదు. ఏడేళ్ళ చదువు, మా ఇంటి మొక్కు, అంతా ఆ కొవ్వులో కరిగిపోయిందనుకున్నాను. నోరు తెరిచాను. సారు నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కారు.

"మంచి పని చేసినవన్నా. లబ్బరు వెన్న లెక్క అయింది. ఇగ పోరడు ఏం తినలేదు, బజార్ల అరటిపండ్లు దొరుకుతయేమో జర సూసి రా" అన్నారు.

బాపు మలుపు తిరిగాడో లేదో సారు సంచిలోంచి తన సొంత రబ్బరు తీశారు. హైదరాబాదు నుంచి ఎప్పుడో తెచ్చుకున్నది, ఆయన పటాలకు వాడుకునేది, ఎవరినీ ముట్టనిచ్చేవారు కాదు. నీళ్ళు లేవు. బ్లేడు మీద ఉమ్మి, మోకాలి మీద పెట్టి కోశారు. మట్టి ముద్ద భువనగిరిలో ఉండిపోయింది. కొలత లేదు, గుర్తు లేదు. నా చెయ్యి వైపు కూడా చూడలేదు. అయిదారు కోతల్లో నడుము వచ్చింది, బడి మెట్టు మీద రెండుసార్లు రుద్దితే అంచు వచ్చింది. వేళ్ళ మధ్య పెట్టుకున్నాను. పాతదానికంటే బాగా కుదిరింది.

"సారూ, బాపుకు..." అన్నాను.

"మీ బాపుకు చెప్తివో, చెంప పలుగుతది. ఆయన నీకోసం పెట్టిండు. పో, గంట కొట్టిన్రు."

లోపల మా ముందు పెట్టింది ఇత్తడి బిందె, పక్కన ఒక చీపురుకట్ట. చీపురు గీతలు రెండుసార్లు తప్పాయి. రెండుసార్లూ చెరిపాను, షీటు చెక్కుచెదరలేదు. చివర బిందె కడుపు మీద మెరుపు తీశాను. బయటకు వచ్చేసరికి బాపూ సారూ చెట్టు కింద అరటిపండ్లు తింటూ గొర్ల రోగాల గురించి మాట్లాడుకుంటున్నారు. పరీక్ష పాసయ్యాను. నౌకరీ వచ్చింది. ఈ రోజు నా పిల్లలు తినే బువ్వ ఆ బువ్వే. మా బాపు ఇప్పటికీ ఊళ్ళో అందరికీ చెబుతాడు, పొట్టేలు కొవ్వు పెట్టబట్టే పోరడు పాసయ్యాడని.

నౌకరీలో చేరాక ఒకసారి సెలవుకు పోతే సారు నాకు ఒక ఉత్తరం చూపించారు. నా రబ్బరు బొమ్మ కొలతలతో సహా గీసి ఆయన ఎక్కడో ఉన్న రబ్బరు కంపెనీకి పంపారట. వాళ్ళు మర్యాదగానే జవాబు రాశారు, ఒక్క చేతికి సరిపోయే దానికి అచ్చు పొయ్యడం తమకు వీలుకాదని. నాకు చిన్నతనం అనిపించింది. సారు మాత్రం ఆ ఉత్తరం మడిచి పెట్టుకుంటూ, "గది నిజమే. మనం చేసింది గూడ ఒక్క చెయ్యికే కద" అని, టీ తాగి పొమ్మన్నారు.

బస్సు భువనగిరి చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. కండక్టరు కూడా నాతో దిగాడు. సారు ఇంటి ముందు జనం ఉన్నారు. అప్పుడే స్నానం పోసి, కొత్త బట్ట కప్పి, వాకిట్లో పడుకోబెట్టారు. మొహం చిన్నబోయి ఉంది. కాళ్ళ బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టేశారు. చేతుల బొటనవేళ్ళు కట్టడానికి వాళ్ళ వాడకట్టు పెద్దమనిషి ఒకాయన దారం తీశాడు.

సారు భార్య గోడకు ఆనుకొని కూర్చుంది. నన్ను చూసి, నా కుడిచెయ్యి చూసి, పెద్దమనిషి వైపు తిరిగింది.

"ఏలు కట్టుడు గాయనకు కొత్త కాదు" అంది.

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె నాతోనే చెప్పింది.

"నీ పరీచ్చ ఏడాది, బిడ్డా. నీకు లబ్బరు చేస్త అని కూసున్నడు గద, గప్పుడు. బడినుంచి రాంగనే బొటనేలు అరచేతిలకు మలుచుకొని, కట్టు అనేటోడు. నా పాత చీర అంచు సింపి రోజు నేనే కట్టిన. మూడు నెల్లు. గా చెయ్యితోనే రాసుడు, గా చెయ్యితోనే తుడుసుడు. ఇప్పుతనంటె ఇప్పనిచ్చేటోడు కాదు. ‘గా పోరనికి ఇప్పెటోళ్ళు ఉన్నరానె’ అనేటోడు. బువ్వ గూడ గట్లనే తిన్నడు. సగం ధోతి మీద పడేది. పోరగాండ్లు నవ్వితె తను గూడ నవ్వేటోడు. నీకు చెప్తనంటె ఒట్టు పెట్టిచ్చుకున్నడు."

పెద్దమనిషి దారం పట్టుకొని అలాగే నిలబడ్డాడు. ఆమె లేచి వచ్చి, అతని చేతిలోంచి ఆ దారం తీసుకుంది. సారు పక్కన కూర్చొని, రెండు బొటనవేళ్ళూ దగ్గరికి తెచ్చి, రెండు చుట్లు తిప్పి, కొసను కిందినుంచి లాగి ముడి వేసింది. వేస్తున్నంతసేపూ ఆమె చూపు నా మొహం మీదే ఉంది. ముడి వైపు ఒక్కసారి కూడా చూడలేదు.